సెలైన్ లైన్ పీకేసే పెద్దాయన గురించి

చెల్లెమ్మా,

తికమకలో ఉన్న ఆ పెద్దాయన క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం) మళ్లీ మళ్లీ పీకేస్తున్నారని, చేతులు కట్టేయనా అని అడిగావు. కట్టొద్దు. కడితే కంగారు పెరుగుతుంది, పెనుగులాడతారు, ఆ పలచటి చర్మం చిట్లుతుంది.

ముందు డాక్టరుగారిని ఒక్క మాట అడుగు: ఈ లైన్ ఇంకా అవసరమా? మాత్ర మింగగలిగితే, నీళ్లు తాగగలిగితే చాలాసార్లు అవసరం ఉండదు. మందు రెండు పూటలే అయితే ఎక్కించి, ఫ్లష్ చేసి, అంటే కాస్త సెలైన్ పంపి గొట్టం కడిగి, మూత పెట్టెయ్. రోజంతా ట్యూబు వేలాడుతుంటే ఎవరి చెయ్యైనా దాని మీదకే పోతుంది.

పెట్టక తప్పకపోతే ఆయన ఎక్కువ వాడని చేతికి, ముంజేతి మీద చూడు. మణికట్టు, మోచేతి మడత వద్దు. పక్షవాతం వచ్చిన చెయ్యి, డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చెయ్యి జోలికి అసలు పోకు. మామూలు సెలైన్‌కీ మందులకీ 22 గేజ్ క్యాన్యులా చాలు, నరం మరీ సన్నగా ఉంటే ఇంకా సన్నటి 24. టోర్నికెట్, అదే నరం ఉబ్బడానికి చేతికి కట్టే పట్టీ, చొక్కా మీద నుంచే కట్టు, అదీ వదులుగా.

ఇక అసలు కిటుకు, లైన్ ఆయన కంట పడకూడదు. పైన వదులుగా బ్యాండేజీ చుట్టి, ట్యూబును పొడుగు చేతుల చొక్కాలోంచి భుజం వెనక్కి తీసుకుపో. మెడ చుట్టూ మాత్రం రానీకు. సెలైన్ వేగం తగ్గించి పెంచే చక్రం, రోలర్ క్లాంపూ ఆయనకు అందకూడదు, తిప్పేస్తే సెలైన్ అంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. బ్యాండేజీ ఉంది కదా అని ఊరుకోకు, వెళ్లినప్పుడల్లా విప్పి చూడు. వాపు వచ్చినా, మంట పుట్టినా ఆయన చెప్పలేకపోవచ్చు, ముఖం చిట్లిస్తారంతే.

చేతికి ఒక మడత తువ్వాలు ఇవ్వు, వేళ్లకు పని దొరుకుతుంది. కళ్లజోడు పెట్టు, వినికిడి మిషన్ ఉంటే అదీ. మూత్రం ఆగిందేమో, మలబద్ధకం ఉందేమో, ఎక్కడైనా నొప్పేమో చూడు. నిన్నటిదాకా బాగానే ఉన్న మనిషి ఇవాళ తికమక పడుతుంటే ముసలితనంలే అని వదిలేయకు. ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం తగ్గి ఉండవచ్చు, కొత్త మందు పడకపోవచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పాల్సిన విషయమిది.

మళ్లీ పీకేస్తే తిట్టకు. గాజుగుడ్డతో నొక్కి పట్టు, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఇంకాసేపు. క్యాన్యులా మొన విరగకుండా మొత్తం వచ్చిందో లేదో చూసుకో. మిగిలిన ప్లాస్టర్‌ని తడిపి, చర్మానికి ఆనించి మెల్లగా తియ్యి. కొత్త సూది తీసే ముందు డాక్టరుగారిని మళ్లీ అదే ప్రశ్న అడుగు.

నీ అక్క