మియాపూర్‌లో 70 లక్షల ఫ్లాట్ కొని అద్దెకిస్తే ఈఎంఐ గడుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ మియాపూర్ వైపు 70 లక్షలకు రెండు బెడ్‌రూముల పాత ఫ్లాట్ దొరికింది, 50 లక్షలు లోన్ తీసుకుంటారు, 22 వేలు అద్దె వస్తుందని బ్రోకర్ చెప్పాడు, ఆ అద్దెతో ఈఎంఐ గడిచిపోతుందా, ఎలాంటివాళ్లకు ఇవ్వాలి, అడ్వాన్స్ ఎంత తీసుకోవాలి. నాకు అటువైపే ఒక ఫ్లాట్, వనస్థలిపురంలో పై అంతస్తు పోర్షన్ ఒకటి ఉన్నాయి. రెండూ చాలా ఏళ్లుగా అద్దెకే నడుస్తున్నాయి, కాబట్టి చూసినది చెప్తాను.

ఈఎంఐ గడవదండీ. 50 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే నెలకు 43 వేలు దాటుతుంది, అద్దె అందులో సగమే, మిగతా 21 వేలు ప్రతి నెలా మీ జీతంలోంచి పోవాల్సిందే. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో మొత్తం ఈఎంఐతో పాటు అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కూడా మీ మీదే పడుతుంది. ఇంకోటి, బ్రోకర్లు 70 లక్షల మీద లెక్కేసి పావు తక్కువ నాలుగు శాతం రాబడి అంటారు. రిజిస్ట్రేషన్‌కి 7.5 శాతం కలిపి, లోన్ ఖర్చులు, చిన్నాచితకా మరమ్మతులు వేసుకుంటే మీ చేతిలోంచి పోయేది 76 లక్షలకు తక్కువ ఉండదు. ఏడాదికి 11 నెలల అద్దె వచ్చిందనుకుందాం, 2,42,000. అందులోంచి ఇంటి పన్ను, ఖాళీ నెల మెయింటెనెన్స్, మోటారో కుళాయిలో రంగులో ఏదో ఒకటి తీసేయండి, మూడు శాతం కూడా మిగలదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇంతకన్నా ఎక్కువ ఇస్తుంది. ఫ్లాట్ రేటు పెరుగుతుందన్న నమ్మకం, ఆ 21 వేలు ఏళ్ల తరబడి టెన్షన్ లేకుండా కట్టగల ఆదాయం, ఈ రెండూ ఉంటేనే కొనండి. ఒక్కటి లేకపోయినా వద్దనే చెప్తాను.

కొంటే మాత్రం అసలు లాభం ఇల్లు ఖాళీ పడకుండా చూసుకోవడంలో ఉంది. చుట్టుపక్కల ఓనర్లు ఏడాదికి పది శాతం పెంచుతున్నారని మీరూ పెంచితే నెలకు 2,200 ఎక్కువ వస్తుంది, అయిదు శాతమే పెంచితే 1,100. తేడా ఏడాదికి 13,200. ఆ పెంపు భరించలేక మంచి కుటుంబం ఖాళీ చేసి ఒక్క నెల ఇల్లు ఊరికే ఉన్నా అద్దే 22 వేలు పోతుంది, దాని మీద రంగులు, బ్రోకర్ ఫీజు అదనం. అందుకే నా ఫ్లాట్‌లో ఉంటున్నవాళ్లకు ఎప్పుడూ అయిదు శాతం దాటించలేదు. గీజర్ పాడైందని ఫోన్ వస్తే మర్నాటికి మనిషిని పంపిస్తాను. వాళ్లు కదలరు.

ఎప్పుడు ఖాళీ అవుతుందన్నది కూడా చూడాలి. మనవాళ్లు ఆషాఢంలో ఇల్లు మారరు, అద్దె ఇంట్లో అయినా పాలు పొంగించడానికి మంచిరోజు చూస్తారు, ధనుర్మాసంలోనూ అంతే. జూన్ చివర్లో ఖాళీ అయిన ఇంటికి శ్రావణం దాకా టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది. బడులు తెరవకముందు, ఏప్రిల్, మే నెలల్లో వెతికేవాళ్లే ఎక్కువ. మొదటి అగ్రిమెంట్ గడువు ఆ నెలల్లో ముగిసేలా రాసుకోండి, కావాలంటే తొమ్మిది నెలలకే రాయించండి.

నీళ్ల సంగతి మాత్రం బ్రోకర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. మంజీరా (అంటే ప్రభుత్వం సరఫరా చేసే మంచినీళ్ల) కనెక్షన్ ఉందా, రోజు విడిచి రోజు వస్తాయా, మే నెలలో బోరు ఎండిందా, ట్యాంకర్లు ఎన్ని తెప్పించారు. వేసవిలో ట్యాంకర్ల ఖర్చు అందరి మీదా పంచుతారు, అప్పుడు 3,000 మెయింటెనెన్స్ కాస్తా ఎంతవుతుందో చెప్పలేం, అద్దెకున్నవాళ్లు ముందు విసుగెత్తేది దాని దగ్గరే. మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగితే మంచిది. తూర్పు గుమ్మం ఇళ్లకు వచ్చేవాళ్లు ఎక్కువ, మీకు వాస్తు పట్టింపు లేకపోయినా వాళ్లకు ఉంటుంది.

ఎవరికి ఇవ్వాలంటే, వేళకు అద్దె ఇచ్చి ఇల్లు శుభ్రంగా ఉంచుకునేవాళ్లకు. కులం, మతం, తిండి అడగడం నాకు నచ్చదు, అడగను. ఉద్యోగం వివరాలు, ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనర్ ఫోన్ నంబరు తీసుకుని ఆయనతో మాట్లాడతాను, అంతకు మించిన పరీక్ష లేదు. బ్యాచిలర్లయితే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి, తర్వాత గొడవల్లో నలిగేది ఆ పిల్లలే. అడ్వాన్స్ ఇక్కడ రెండు మూడు నెలలది తీసుకుంటారు, బెంగళూరులాగా అంతకన్నా ఎక్కువ నెలలది అడిగితే ఎవరూ రారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకుంటారో అగ్రిమెంట్‌లోనే అంకె వేసి రాయండి, తాళాలు ఇచ్చే రోజు ఇల్లంతా వీడియో తీసి వాళ్లకూ పంపండి. ఎక్కువ తగాదాలు ఈ అడ్వాన్స్ దగ్గరే వస్తాయి. అగ్రిమెంట్ అందరూ 11 నెలలకు రాసుకుంటారు, అది మామూలే.

పన్ను విషయం క్లుప్తంగా. వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల కింద మినహాయిస్తారు, రసీదులు అక్కర్లేదు, ఆ తర్వాత లోన్ వడ్డీ తీసేస్తారు. మీ లెక్కలో నష్టమే తేలుతుంది, కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ నష్టాన్ని జీతంలో సర్దుకోవడం కుదరదు. అమెరికాలో ఉన్న అన్నయ్య పేరు మీద కొంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు కదా. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంత తక్కువైనా అద్దెకున్నవాళ్లే అద్దెలోంచి 30 శాతం, పైన సెస్, టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కింద కోసి ప్రభుత్వానికి కట్టాలి. చాలామందికి ఇది తెలియదు, తెలిస్తే ఆ ఇల్లు వద్దనేవాళ్లు కూడా ఉంటారు. ముందే ఆడిటర్‌తో మాట్లాడుకోండి.

టోకెన్ ఇచ్చేముందు ఈసీ (ఆస్తి మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే పత్రం), ఓసీ (భవనంలో ఉండొచ్చని ఇచ్చే అనుమతి పత్రం) రెండూ చూడండి, పాత ఓనర్ కరెంటు, మెయింటెనెన్స్, ఇంటి పన్ను బకాయిలు లేవని కాగితం తీసుకోండి. అటువైపు చెరువులు చాలా ఉన్నాయి, సర్వే నంబరు ఎఫ్‌టీఎల్‌లోగానీ (చెరువు నిండితే నీళ్లు నిలిచే మేర) దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్‌లోగానీ పడిందేమో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ మ్యాపుల్లో సరిచూసుకోండి. చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా 2024లో వచ్చాక దీన్ని వదిలేసి కొనడం పెద్ద సాహసం. ఫ్లాట్ ఏ కాలనీలోనో చెప్పండి, అక్కడ వేసవిలో నీళ్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్లను అడిగి చెప్తాను.