స్టార్ గుర్తు మొరాయిస్తే ముందు చూడవలసింది

చిరంజీవి సురేశ్‌కు ఆశీస్సులు.

లాగ్ ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండ్ నిన్నటిదాకా బాగానే నడిచి ఈరోజు తప్పు చూపిస్తోందని, సర్వర్‌లో ఏదో పాడైందేమోనని రాశావు. సర్వర్ జోలికి పోకు. స్టార్, ప్రశ్నార్థకం, చదరపు బ్రాకెట్ల వంటి గుర్తులను విప్పేది, అంటే వాటికి సరిపోయే ఫైల్ పేర్లుగా మార్చేది కమాండ్ కాదు, షెల్. నువ్వు టైప్ చేసినదాన్ని చదివి కమాండ్లను నడిపించే ప్రోగ్రామే షెల్. 1971 నాటి తొలి యూనిక్స్‌లో ఈ పనికి గ్లాబ్ అనే వేరే ప్రోగ్రామ్ ఉండేది. తరువాత అది షెల్‌లోనే కలిసిపోయింది. నువ్వు ఎంటర్ నొక్కగానే షెల్ డైరెక్టరీని చదివి, ప్యాటర్న్‌కు సరిపోయే పేర్లను స్టార్ ఉన్నచోట పేర్చి, ఆ తరువాతే కమాండ్‌ను మొదలుపెడుతుంది.

ఇప్పుడు నీ కమాండ్‌ను చూడు: ఫైండ్ . -నేమ్ *.లాగ్. నిన్న నువ్వున్న డైరెక్టరీలో లాగ్ ఫైల్ ఒక్కటీ లేకపోవడంతో, సరిపోయే పేరు దొరకని బాష్ (సర్వర్‌లో నువ్వు వాడే షెల్) ఆ ప్యాటర్న్‌ను ఉన్నదున్నట్టుగా ఫైండ్‌కు అందించింది. అది నీ అదృష్టం. ఈరోజు అక్కడ రెండో మూడో లాగ్ ఫైళ్లు చేరి ఉంటాయి, వాటి పేర్లన్నీ వరుసగా వచ్చి పడేసరికి ఫైండ్ తికమకపడింది. ఒక్క ఫైలే చేరి ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే తప్పేమీ చూపకుండా ఆ ఒక్క పేరునే అన్నిచోట్లా వెతికి ఊరుకునేది. ప్యాటర్న్‌ను సింగిల్ కోట్స్‌లో పెట్టు, సరిపోతుంది. అదే కమాండ్ నీ మ్యాక్‌లో అసలు నడవకపోవడానికి కారణం అక్కడున్నది జెడ్‌షెల్ అనే మరో షెల్ కావడం. సరిపోయే పేరు లేకపోతే అది కమాండ్‌ను మొదలుపెట్టనే పెట్టదు.

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడల్లా కమాండ్ ముందు, తనకు అందినదాన్ని తెరమీద చూపి ఊరుకునే ఎకో చేర్చి చూడు. కమాండ్‌కు నిజంగా ఏమి అందుతోందో తెరమీద కనబడుతుంది. పేర్లలో ఖాళీలుంటే ఎకో మోసం చేస్తుంది కనుక, అప్పుడు ప్రింట్‌ఎఫ్‌తో ఒక్కో పేరును ఒక్కో వరుసలో అచ్చువేయించు. స్క్రిప్టులోనైతే సెట్ -ఎక్స్ పెట్టు, నడిచే ఒక్కో కమాండ్‌ను విప్పిన రూపంలో చూపిస్తుంది.

కమాండ్‌ను రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పేరిట నడిపే సుడో విషయంలో చాలామంది తడబడతారు. ఫైళ్ల పేర్లు చూడటానికి సుడో ఎల్ఎస్ /వార్/లాగ్/ఆడిట్/*.లాగ్ అని ఇస్తే, స్టార్‌ను విప్పేది సుడో కంటే ముందున్న నీ షెల్. దానికి ఆ డైరెక్టరీని చదివే అనుమతి లేకపోతే పేర్లు దొరకవు, స్టార్ అలాగే వెళ్లి అటువంటి ఫైలే లేదన్న సమాధానం వస్తుంది. సుడో ఎస్‌హెచ్ -సి అని రాసి, మిగతా కమాండ్ మొత్తాన్ని కోట్స్‌లో పెడితే రూట్ షెల్ విప్పుతుంది.

చుక్కతో మొదలయ్యే ఫైళ్లు స్టార్‌కు చిక్కవు. బాష్‌లో డాట్‌గ్లాబ్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే చిక్కుతాయి. ఆర్గ్యుమెంట్ల (కమాండ్‌కు అందే పేర్ల) జాబితా మరీ పొడవైందన్న తప్పు వస్తే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పెట్టిన హద్దు దాటావన్నమాట, ఆ పని ఫైండ్‌కు -ఎగ్జెక్‌తో అప్పగించు.

ఫైళ్లను నకలు చేసే సీపీతో సీపీ *.టెక్స్ట్ అని ఇచ్చి గమ్యం రాయడం మరిచిపోతే, సరిగ్గా రెండు ఫైళ్లే ఉన్నచోట మొదటిది రెండోదాన్ని చడీచప్పుడు లేకుండా చెరిపేస్తుంది. ఫైళ్లను తొలగించే ఆర్ఎమ్ దగ్గర ఉత్త స్టార్ ఎప్పుడూ రాయకు, ./* అని రాయి. లేకపోతే హైఫన్‌తో మొదలయ్యే ఫైల్ పేరును ఆర్ఎమ్ ఆప్షన్ అనుకుంటుంది. నీ స్క్రిప్టు చివర అలాంటి వరుస ఒకటి ఉంది. దాని ముందు ఎకో పెట్టి నడిపి, వచ్చిన పేర్ల జాబితా నాకు పంపు. నేను చూసి చెప్పేదాకా ఆ స్క్రిప్టును క్రాన్‌లో (నిర్ణీత వేళలకు తనంతట తానే నడిపే ఏర్పాటులో) పెట్టకు.

ఇట్లు,
మీ పెదనాన్న