ముందు ఆ చిన్న అక్షరాలు చదువు

చిరంజీవి అబ్బయ్యకు చిన్నాయన దీవెనలు.

మారతహళ్ళిలో లాప్‌టాప్ సర్వీసు షాపు తెరిచావని వదిన ఫోన్ చేసి చెప్పింది. అడ్వాన్సు, అద్దె, బోర్డు సంగతులు మీ నాయన చూసుకుంటాడులే. స్క్రీను మార్చడం, హింజులు బిగించడం నీకు నేను నేర్పేది కాదు, ఎస్పీ రోడ్డులో నా కౌంటరు వెనక నిలబడి నేర్చుకున్నవే. నేను చెప్పదలచుకున్నది ఒకే ఒక్క రకం కేసు గురించి. షట్టరు ఎత్తీ ఎత్తకముందే ఎవరో ఒకరు సంచి భుజాన వేసుకుని వస్తారు. తెలుగువాళ్ళయితే "వైరస్ పట్టింది, చూడండి" అంటారు, కన్నడిగులయితే "వైరస్ బందిదె సార్" అంటారు. ఏ భాషలో చెప్పినా నువ్వు వెంటనే నమ్మొద్దు. వాటిలో చాలా మటుకు వైరస్ ఉండదు. ఎవరో ఎప్పుడో ఒక సైటుకు ఇచ్చిన అనుమతి ఉంటుంది, అంతే.

అందుకని లాప్‌టాప్ తెరిచాక స్కానింగులు మొదలుపెట్టకు. ఒక ఐదు నిమిషాలు ఊరికే ఆన్ చేసి పెట్టు. కుడి వైపు కింది మూలలో పెట్టె దానంతటదే వస్తుంది. పైన పేరున్న యాంటీవైరస్ కంపెనీ గుర్తు, ఎర్ర త్రికోణం, "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు దొరికాయి, సబ్‌స్క్రిప్షన్ ఈ రోజుతో అయిపోతోంది" అని గాబరా పెట్టే వాక్యం. మనిషి కన్ను అక్కడే ఆగిపోతుంది. నువ్వు పెట్టె అంచుల్లో చూడు. బూడిద రంగులో, సన్న అక్షరాల్లో గూగుల్ క్రోమ్ అని ఉంటుంది, దానితో పాటు ఒక సైటు అడ్రసు. నోరు తిరగని అక్షరాలు, మధ్యలో అంకెలు, చివర మనం ఎప్పుడూ వినని తోక. యాంటీవైరస్ కంపెనీ సొంత హెచ్చరిక అయితే అక్కడ క్రోమ్ పేరు ఎందుకుంటుంది? ఆ అడ్రసు కాగితం మీద రాసుకో. దొంగ తన పేరు తనే చెప్పుకుంటున్నాడు.

ఇది ఎక్కడ మొదలైందో తెలిస్తే కస్టమరుకు చెప్పడం తేలిక. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ 42వ వెర్షన్‌తో సైట్లు నోటిఫికేషన్లు పంపే ఏర్పాటు వచ్చింది. తర్వాతి ఏడాది ఫైర్‌ఫాక్స్ కూడా ఇచ్చింది. మెయిల్ వచ్చిందనో, వార్త వచ్చిందనో చెప్పడానికి పెట్టిన సౌకర్యం అది. ఈ సైటు నోటిఫికేషన్లు పంపవచ్చా అని బ్రౌజర్ అడిగినప్పుడు అలౌ, అంటే సరే, అని నొక్కితే ఆ సైటు తాలూకు చిన్న ప్రోగ్రాము ఒకటి బ్రౌజర్లో కూర్చుంటుంది. ట్యాబ్ మూసేసినా అది పోదు. ప్రకటనల వాళ్ళకు కావలసింది సరిగ్గా అదే. కొత్త సినిమా ఉచితంగా చూపిస్తామనే సైట్లు, క్రికెట్ లైవ్ లింకులు, పీడీఎఫ్ మార్చిపెట్టే సైట్లు, వీటి మధ్యలో ఒక పేజీ వస్తుంది. రోబో బొమ్మ, "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి" అని. బ్లాక్ నొక్కితే అదే పేజీ ఇంకో అడ్రసుతో మళ్ళీ అడుగుతుంది. సినిమా మొదలవ్వాలనే తొందరలో మనిషి అలౌ నొక్కేస్తాడు. మనిషో రోబోనో తేల్చే అసలైన పరీక్ష, క్యాప్చా అంటారు, ఏదీ నోటిఫికేషన్ల అనుమతి అడగదు. ఈ ఒక్క మాట ప్రతి కస్టమరుకూ చెప్పు.

పేపరుకు చందా కట్టినట్టే ఇది. ఇల్లు ఎంత ఊడ్చినా రేపు పొద్దున పేపరు మళ్ళీ పడుతుంది. చందా మానిపిస్తేనే ఆగుతుంది. యాంటీవైరస్ స్కాన్ చేసి "ఏమీ దొరకలేదు" అని ఇచ్చి పంపితే, సాయంత్రానికి అదే పెట్టెతో ఆయన మళ్ళీ నీ కౌంటరు ముందు ఉంటాడు. హిస్టరీ చెరిపేసినా అంతే.

చందా మానిపించే చోటు క్రోమ్ సెట్టింగ్స్‌లో ఉంది. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. కిందికి జరిపితే అనుమతి ఉన్న సైట్ల జాబితా. నువ్వు రాసుకున్న అడ్రసు అక్కడ కనిపిస్తుంది, సాధారణంగా ఒంటరిగా ఉండదు, చుట్టాలతో కలిసి ఉంటుంది. పక్కన మూడు చుక్కలు నొక్కితే బ్లాక్ అనీ, రిమూవ్ అనీ వస్తాయి. రిమూవ్ చేస్తే ఆ సైటు మళ్ళీ అడగగలదు, కాబట్టి బ్లాకే చెయ్యి. ఎడ్జ్‌లోనూ ఇలాంటి జాబితాయే, సైట్ పర్మిషన్స్ కింద. ఫైర్‌ఫాక్స్‌లో అయితే కొత్తగా అడగడాన్నే మొత్తంగా ఆపే గడి ఒకటి ఉంది. మనిషి దగ్గర రెండు బ్రౌజర్లుంటే రెండూ చూడు. ఒకదాంట్లో తీసి రెండోదాన్ని వదిలేసి, "పని చేయలేదు" అనిపించుకునే కుర్రాళ్ళను చాలామందిని చూశాను.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. ఆ జాబితా కస్టమరు ముందు చదివేటప్పుడు గొంతు తగ్గించు. అందులో పేకాట సైట్లుంటాయి, ఇంకా చెప్పుకోలేనివి ఉంటాయి. మీ వీధిలోకి పిల్లల దగ్గర ఉందామని నెల్లూరు నుంచో కడప నుంచో వచ్చిన పెద్దవాళ్ళు వస్తారు, కొడుకు పాత లాప్‌టాప్‌లో సీరియల్ చూసుకునేవాళ్ళు. పక్కన కోడలు నిలబడి ఉంటుంది. "ఎవరు నొక్కారు ఇది?" అని నువ్వు అడిగావో, ఆ పెద్దమనిషి ఇంకెప్పుడూ ఏదీ ఎవరికీ చెప్పడు. చెప్పకుండా ఆ పెట్టెలో ఉన్న నంబరుకు ఫోన్ చేస్తాడు. ఈ మోసంలో నిజమైన డబ్బు నష్టం మొదలయ్యేది అక్కడే. అందుకే "ఇది అందరికీ జరుగుతుందండీ, అలా మోసపోయేలాగే ఆ పేజీ కట్టారు" అను. అబద్ధం కూడా కాదది.

ఆ మూలపెట్టెల్లో అడ్రసు లేకుండా, నువ్వు గూగుల్లో వెతికితే వేరే సెర్చ్ పేజీ తెరుచుకుంటోందంటే, ప్రతి సైటులోనూ వాళ్ళవి కాని ప్రకటనలు కనిపిస్తుంటే, అప్పుడు అసలు యాడ్‌వేర్, అంటే ప్రకటనలు చూపించడానికి దూరిన ప్రోగ్రాము, అనుకో. ముందు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజరుకు తగిలించుకున్న చిన్న ప్రోగ్రాములు, చూడు. కూపన్లిచ్చేవి, వీడియో డౌన్‌లోడ్ చేసేవి, పీడీఎఫ్ అని పేరు పెట్టుకున్నవి, ఎప్పుడు వేశావంటే కస్టమరుకే గుర్తులేనివి. తీసేసినా మర్నాడు తిరిగి వస్తే, ఆయన గూగుల్ అకౌంటు సింక్‌లో ఇంకో కంప్యూటర్ ఉందేమో అడుగు. అక్కడి నుంచి మళ్ళీ దిగుతుంది. తర్వాత ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల జాబితాను తేదీ వరుసలో పేర్చు, గొడవ మొదలైన వారంలో ఏం చేరాయో చూడు. డెస్క్‌టాప్ మీది క్రోమ్ షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చదువు. క్రోమ్ ఫైలు పేరు తర్వాత ఏదైనా సైటు అడ్రసు తగిలించి ఉంటే చెరిపెయ్యి. గంటకోసారి పేజీ దానంతటదే తెరుచుకుంటుంటే వేళకు పనులు నడిపించే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో వెతుకు. ఆ తర్వాత మాల్‌వేర్‌బైట్స్ వాళ్ళ యాడ్‌డబ్ల్యూక్లీనర్ నడుపు, ఉచితమే, కానీ వాళ్ళ సొంత సైటు నుంచే దించుకో. సెర్చ్‌లో పైన వచ్చే మొదటి లింకు నొక్కి యాడ్‌వేర్ తీసే సాధనం పేరుతో యాడ్‌వేర్ దించుకున్నవాళ్ళు ఉన్నారు. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ కింద, అక్కరలేని యాప్‌లను ఆపే స్విచ్ ఉంటుంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసి పంపు. మన సర్కారు సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా 2017 నుంచి ఉచిత సాధనాలు ఇస్తోంది.

బెంగళూరులో షాపు కాబట్టి ఇంకో సంగతి. క్రోమ్ మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అనే అర్థంలో ఒక ఇంగ్లీషు వాక్యం కనిపిస్తుంది. ఇంటి లాప్‌టాప్‌లో అది ఉంటే అనుమానించాలి. యాడ్‌వేర్ రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగుల చిట్టాలో, పాలసీ అనే కట్టుబాటు రాసి, ఎక్స్‌టెన్షన్‌ను తీయడానికి వీల్లేకుండా కట్టేస్తుంది. క్రోమ్ అడ్రసు గడిలో పాలసీ పేజీ తెరిస్తే ఏం కట్టారో కనిపిస్తుంది. కానీ నీ చుట్టూ ఉన్నవి ఐటీ కంపెనీలు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ వాక్యం ఉండటమే సరైన పద్ధతి. అది కంపెనీ యంత్రమని తెలియగానే మూసి చేతికిచ్చెయ్యి, వాళ్ళ ఐటీ విభాగానికి వెళ్ళమను. ఎంత బతిమాలినా ముట్టుకోకు. నువ్వు మంచికి పోయి పాలసీ చెరిపితే లాప్‌టాప్ తెచ్చిన పిల్లాడి ఉద్యోగానికి ఎసరు వస్తుంది.

ఫోన్ల సంగతి పొడిగా చెప్తాను. ఆండ్రాయిడ్ క్రోమ్‌లోనూ అదే నోటిఫికేషన్ల జాబితా ఉంది. అది కాక హోమ్ స్క్రీన్ మీదే నిలువెత్తు ప్రకటనలు దూకుతుంటే, ప్రకటన ఉన్నప్పుడే రీసెంట్స్ బటన్ నొక్కు, ఏ యాప్ పేరుతో వచ్చిందో తెలిసిపోతుంది. ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి ఎవరెవరికి ఉందో చూడు. టార్చిలైటు యాప్‌కు ఆ అనుమతి దేనికి? యాప్‌ను తీయనివ్వకపోతే, బయటి యాప్‌లు నడవని సేఫ్ మోడ్‌లో పెట్టి తియ్యి. ఇంట్లో ఉన్న ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకే తీరుగా చేస్తుంటే రౌటర్‌లో డీఎన్‌ఎస్, అంటే సైటు పేరుకు దారి చూపే సెట్టింగు, ఎవరైనా మార్చారేమో చూసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించు.

ఇక భయపడాల్సినవి రెండున్నాయి. మొదటిది, స్క్రీనంతా పరుచుకుని, సైరన్ మోగిస్తూ, మైక్రోసాఫ్ట్ పేరుతో ఫోన్ నంబరు చూపించే పేజీ. ఆల్ట్, ఎఫ్4 నొక్కితే పోతుంది. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్ ఆపెయ్యి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవనా అంటే వద్దను. నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. కస్టమరు ఆ నంబరుకు ఇప్పటికే ఫోన్ చేశాడా, ఏదైనా యాప్ వేసుకోమన్నారా అని మెల్లగా అడుగు. దూరం నుంచే మన యంత్రాన్ని నడిపించే రిమోట్ యాప్ వేయించి ఖాతా ఖాళీ చేసే పద్ధతి గురించి, ఎనీడెస్క్ పేరెత్తి మరీ, రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. యాప్‌లో తప్పు లేదు, నేనూ వాడతాను. అవతలి చేయి ఎవరిదన్నదే సంగతి. అవునంటే నెట్ తీసెయ్యి, వేరే ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయించు, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించు. కస్టమరు పొరపాటు వల్ల పోయిన డబ్బయినా, బ్యాంకుకు చెప్పిన క్షణం తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వ్ బ్యాంకు 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. అందుకే నీ రిపేరు తర్వాత, ఫోన్ ముందు.

రెండోది ఈ రెండేళ్ళలో పెరిగింది. అదే రోబో బొమ్మ పేజీ, కానీ అలౌ అనదు. విండోస్ బటన్‌తో ఆర్ నొక్కు, తర్వాత కంట్రోల్, వీ నొక్కు, ఎంటర్ కొట్టు అంటుంది. పేజీ ముందే క్లిప్‌బోర్డులో, కాపీ చేసింది నిలిచే చోట, ఒక ఆదేశం పెట్టి ఉంచుతుంది, మనిషి తన చేత్తోనే దాన్ని నడిపిస్తాడు. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్‌లు క్షణాల్లో వెళ్ళిపోతాయి. అలా చేశానని ఎవరైనా చెబితే నేను మొదట అన్న మాటలన్నీ పక్కన పెట్టు. అది అనుమతి గొడవ కాదు. డేటా కాపీ చేసి, ఫార్మాట్ చెయ్యి. శుభ్రమైన వేరే కంప్యూటర్ నుంచి మెయిలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్పించి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించు.

మిగతా వాటికి మాత్రం ఫార్మాట్ మాట ఎత్తకు. వీధిలో నీ పక్క షాపు వాళ్ళు ప్రతి పెట్టెకూ విండోస్ కొత్తగా వేసి డబ్బు తీసుకుంటారు. కస్టమరు ఫోటోలు పోతాయి, మర్నాడు అదే సినిమా సైటుకు వెళ్ళి అదే అలౌ నొక్కుతాడు. ఐదు నిమిషాల పనికి చిన్న సర్వీసు చార్జీ తీసుకో, కానీ తీసుకో. ఉచితంగా చేస్తే పనికి విలువుండదు, రేపు ఎక్స్‌టెన్షన్ల కేసుకు డబ్బు అడగలేవు. ఏ సైటును బ్లాక్ చేశావో బిల్లు వెనక రాసి ఇవ్వు.

చేతికిచ్చే ముందు ఒక ప్రశ్న అడుగు, నోటిఫికేషన్లు మీకు దేనికైనా కావాలా అని. పెద్దవాళ్ళయితే సైట్లు అసలు అడగనే అడగకుండా మొత్తం ఆపి పంపు. ఉద్యోగస్తులకు మాత్రం మెయిలు, క్యాలెండర్, వాట్సాప్ వెబ్ ఉంచు, లేకపోతే మీటింగు తప్పిందని నిన్నే తిడతారు.

ఎస్సెస్డీల హోల్‌సేలు ధరల కాగితం అడిగావట, శనివారం వదిన చేతికి పంపిస్తాను.

మీ చిన్నాయన