యుద్ధాలు ఆపే మధ్యవర్తుల అనుభవం మన ఊరి పంచాయితీలకు పనికొస్తుందా?

మీరు అడిగింది ఇది: "నాగర్‌కర్నూల్ జిల్లాలో మా ఊళ్లో పెద్దమనుషుల పంచాయితీల్లో కూర్చుంటాను. వేరే వేరే దేశాల శాంతి మధ్యవర్తులు కలిసి పనిచేస్తారని చదివాను. గట్టు తగాదాలు తీర్చే నాకు వాళ్ల దగ్గర నేర్చుకునేది ఏమైనా ఉందా?"

ఉంది. నారాయణపేట వైపు భూమి, నీళ్ల తగాదాల్లో చాలాకాలంగా కూర్చుంటున్న మనిషిగా చెబుతున్నాను. మాట్లాడించే నేర్పులో మన పెద్దమనుషులు ఎవరికీ తీసిపోరు. మనకు లేనిది రాజీ కుదిరిన మర్నాటి సంగతి చూసే అలవాటు. మన దగ్గర కాగితం రాసి, సంతకాలు పెట్టించి, చాయ్ తాగితే పంచాయితీ అయిపోయినట్టే. వాళ్లకు అసలు పని ఆ మర్నాడే మొదలవుతుంది.

2005 ఆగస్టు 15ను మా వైపు వాళ్లు మర్చిపోలేరు. ఆ రోజు నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, ఇంకొందరిని మావోయిస్టులు కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం ఆ పార్టీ మీద మళ్లీ నిషేధం పెట్టింది. అంతకు పది నెలల ముందే, 2004 అక్టోబరులో, హైదరాబాద్‌లో ప్రభుత్వమూ నక్సలైట్ నాయకులూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు, శాంతి కోసం పనిచేసిన పౌరుల బృందం పౌరస్పందన వేదికలోని మిగతా పెద్దలు ఏళ్ల తరబడి రెండు వైపులా తిరిగితే ఆ మాత్రమైనా జరిగింది. వాళ్ల చిత్తశుద్ధిని శంకించేవాళ్లను నేను చూడలేదు. కానీ కాల్పుల విరమణను తప్పింది మీరంటే మీరని ఇరుపక్షాలూ అనుకుంటుంటే, ఫలానా చోట ఫలానా వాళ్లు తప్పారని తేల్చే యంత్రాంగం, ఇద్దరూ నమ్మేది, నిలబడలేదు. 2005 జనవరికల్లా చర్చలు ఆగిపోయాయి.

సరిగ్గా అదే ఆగస్టు 15న ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఇండోనేషియా ప్రభుత్వం, ఆ దేశంలోని ఆచే ప్రాంతపు తిరుగుబాటుదారులు ఒప్పందం మీద సంతకాలు చేశారు. మధ్యవర్తి ఆ ఫిన్లాండ్ మాజీ అధ్యక్షుడు మార్తి అహ్తిసారి. ఆయన ఒక్కడే అయితే ఆ కాగితం ఏమయ్యేదో చెప్పలేం. ఐరోపా సమాఖ్య, నార్వే, స్విట్జర్లాండ్, ఆసియాన్ అనే ఆగ్నేయాసియా కూటమిలోని ఐదు దేశాలు కలిసి ఒక పర్యవేక్షణ బృందాన్ని పెట్టాయి. 2005 సెప్టెంబర్ నుంచి 2006 డిసెంబర్ దాకా వాళ్లు ఆచేలోనే ఉన్నారు. తిరుగుబాటుదారులు నాలుగు విడతల్లో 840 ఆయుధాలు అప్పగించారు, వాటిని జనం చూస్తుండగానే కోసి పారేశారు. ఒక్కో విడతకు తగ్గట్టు బయటి నుంచి వచ్చిన సైన్యమూ పోలీసు బలగాలూ వెనక్కి పోయాయి. ఒప్పందం తప్పారని ఫిర్యాదు వస్తే విచారించి ఎవరిది తప్పో చెప్పే అధికారం కూడా ఆ బృందానికే ఇచ్చారు. 2004 డిసెంబర్ సునామీ ఆచేను అంతగా దెబ్బతీయకపోతే రాజీ అంత తొందరగా కుదిరేది కాదేమో. మన పరిస్థితీ వాళ్ల పరిస్థితీ ఒకటి కాదు, అది ఒప్పుకోవాలి. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఆ పర్యవేక్షణ బృందమే కళ్లలో పడుతుంది.

ఇక మా పని. మా పక్క ఊరి చెరువు కింద ఏటా యాసంగిలో పై పొలాల వాళ్లకూ చివరి ఆయకట్టు వాళ్లకూ గొడవ. ఏటా రాజీ కుదిరేది, నాట్లు పూర్తయ్యేలోపే చెడేది. ఒక ఏడు వంతుల కాగితాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాం. రాత్రిపూట నీళ్లు వదిలే నీరటితో పాటు పై వాళ్లలో ఒకరు, చివరి వాళ్లలో ఒకరు తూము నుంచి కాలువ చివరి దాకా కలిసి నడవాలన్నాం. చూసింది ఒకే నోట్‌బుక్‌లో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక్కరే రాస్తే చెల్లదు. కొన్నాళ్లకు ఒక తెల్లవారుజామున చివరి మడులకు చుక్క నీరు రాలేదు. గడ్డపారలు పట్టుకుని పది మంది బయల్దేరారు. నోట్‌బుక్ తెరిస్తే, కాలువ గట్టుకు ఎండ్రికాయ బొక్క పడి నీళ్లు వాగులోకి పోతున్నాయని ఇద్దరి సంతకాలతో రాసి ఉంది. ఆ గడ్డపారలతోనే పోయి గట్టు పూడ్చుకున్నారు.

పక్క దేశం శ్రీలంకను కూడా చూడండి. నార్వే మధ్యవర్తిత్వంతో 2002లో ప్రభుత్వానికీ తమిళ పులులకూ (ఎల్టీటీఈ) మధ్య కుదిరిన కాల్పుల విరమణ అక్కడ నిలవలేదు. కానీ 1988 చట్టంతో వచ్చిన మధ్యవర్తిత్వ మండళ్లు ఊళ్లలో ఇప్పటికీ చిన్న తగాదాలు తీరుస్తున్నాయి. చెరొక వైపు వాళ్లు ఒక్కో మధ్యవర్తిని ఎంచుకుంటే, ఆ ఇద్దరూ కలిసి మూడో మనిషిని ఎంచుకుంటారు. మన 2023 మధ్యవర్తిత్వ చట్టంలోనూ ఊరి ప్రశాంతత చెడగొట్టే తగాదాలకు ముగ్గురి ప్యానెల్ అనే పద్ధతి ఉంది. వివరాలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి, శిక్షణ గురించి కూడా అక్కడే అడగండి. ఐక్యరాజ్యసమితి 2012లో మధ్యవర్తులకు ఇచ్చిన మార్గదర్శకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, చిన్న పుస్తకమే.

ధరావతు కట్టించుకునే పద్ధతి మీ ఊళ్లో ఉంటే మాన్పించండి. డబ్బు పోతుందన్న భయంతో ఒప్పుకున్నవాడు మనసులో ఒప్పుకోడు. ఆడవాళ్ల మీద దాడి, బాల్య వివాహం, కులం పేరుతో దౌర్జన్యం లాంటివి వస్తే పంచాయితీలో పెట్టకండి, పోలీసుల దగ్గరికి పంపండి. మిగతా తగాదాల్లో కాగితం రాసేటప్పుడే, రేపటి నుంచి దీన్ని ఎవరు చూసుకోవాలని అడిగి చెరొక వైపు నుంచి ఒక్కో పేరు అందులోనే రాయించండి. పేర్లు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాకపోతే ఆ రోజు సంతకాలు పెట్టించకండి, ఇంకోసారి కూర్చోండి.