పైథాన్ డౌట్లు: 5కి 3 కలిపితే 53 ఎందుకొస్తోంది?

ప్రశ్న: బీకామ్ చదువుతున్నా, మ్యాథ్స్ అంతంతమాత్రం. సీ లాంగ్వేజ్ రాకుండా పైథాన్ ప్రోగ్రామింగ్ రాదంటున్నారు సీనియర్లు, నిజమేనా?

జవాబు: కాదండీ. సీ వస్తే మంచిదే కానీ ముందు అదే రావాలన్న రూలేమీ లేదు. కూడికలు, శాతాలు, 'ఇలా అయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి' అనే లాజిక్ అర్థమైతే మొదలెట్టేయొచ్చు. మీకైతే నాలుగైదు బ్రాంచీల సేల్స్ షీట్లు ఒక్క ఫైల్ లోకి కలపడం లాంటివి మంచి ప్రాక్టీస్, కాలిక్యులేటర్ ప్రోగ్రామ్ అయితే అందరూ రాసేదే.

ప్రశ్న: ఇన్‌పుట్ తో రెండు నంబర్లు తీసుకుని ప్లస్ పెడితే 5, 3కి 53 వస్తోంది. ఎర్రర్ కూడా చూపించట్లేదు!

జవాబు: ఎర్రర్ ఎందుకొస్తుంది, దాని లెక్క ప్రకారం అది కరెక్టే మరి. ఇన్‌పుట్ మీరేం టైప్ చేసినా స్ట్రింగ్ గానే, అంటే అక్షరాల వరసగానే తెచ్చిస్తుంది, రెండు స్ట్రింగుల మధ్య ప్లస్ పెడితే పక్కపక్కన అతికించేస్తుంది. వచ్చినదాన్ని ఇంట్ (అంటే పూర్ణసంఖ్య) అని రాసి బ్రాకెట్లో పెట్టండి, 8 వస్తుంది. పాయింట్లు ఉంటే ఫ్లోట్ వాడాలి, కానీ అక్కడ ఇంకో తిరకాసు ఉంది, 0.1కి 0.2 కలిపి చూడండి, 0.30000000000000004 అంటుంది. కంప్యూటర్ నంబర్లని బైనరీలో, అంటే 0, 1లతోనే దాస్తుంది కాబట్టి 0.1 దానికి సరిగ్గా కుదరదు, అంతే. కిరాణా బిల్లులాంటివి రాస్తుంటే మొత్తం పైసల్లోకి మార్చి ఇంట్ లోనే నడిపించండి, నా ఓటు దానికే.

ప్రశ్న: తెలుగు టీచర్ని. పద్యంలో అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాద్దామనుకున్నా. విండోస్ లో ఫైల్ ఓపెన్ చేస్తే ఒకసారి పిచ్చి గుర్తులు, ఒకసారి ఏకంగా ఎర్రర్. పైగా 'తెలుగు' అనే పదానికి లెన్ (పొడవు చెప్పే ఫంక్షన్) 6 అంటోంది.

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదేనండీ! మీ ఫైల్ యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాల్నీ దాచే పద్ధతి) ఉంటుంది, చెప్పకపోతే విండోస్ లో పైథాన్ మామూలుగా పాత ఇంగ్లిష్ కోడ్‌పేజీ (ఏ బైట్‌కి ఏ అక్షరమో చెప్పే పట్టిక) అనుకుని చదివేస్తుంది, అందుకే పిచ్చి గుర్తులు. ఒత్తక్షరం వచ్చిందంటే ఎర్రరే, ఎందుకంటే ఒత్తు కోసం లోపల వాడే పొల్లు గుర్తులో ఉండే ఒక బైట్‌కి ఆ పాత పట్టికలో చోటే లేదు. ఓపెన్ లో ఫైల్ పేరు తర్వాత ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇచ్చేస్తే రెండూ పోతాయి.

ఇక ఆ 6 సంగతి. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము, ఇలా గుణింతపు గుర్తుల్ని కూడా విడివిడిగా లెక్కేస్తుంది. మీకు కావాల్సింది 3 కదా, అచ్చుల్ని హల్లుల్ని మాత్రమే లెక్కపెట్టి, పొల్లు వెనకాలే వచ్చిన హల్లుని వదిలేయండి. 'పద్యం' మీద వేసి చూడండి: ప, ద లెక్కలోకొస్తాయి, య పొల్లు తర్వాతది కాబట్టి పోతుంది, సున్నా ఎలాగూ గుర్తే, మొత్తం 2. పదం చివర పొల్లు ఉంటే మాత్రం ఇంకో షరతు రాసుకోవాలి. ఇది అయ్యాక గురులఘువులకి వెళ్ళండి, అసలు మజా అక్కడుంది.

ప్రశ్న: వీడియోలో ఉన్నట్టే ప్రింట్ రాశా, నాకు సింటాక్స్ ఎర్రర్.

జవాబు: బ్రాకెట్లు లేకుండా రాసుంటారు. అది పైథాన్ 2 పద్ధతి, దానికి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆపేశారు. ఆ వీడియో వదిలేసి కొత్తది చూడండి.

ప్రశ్న: రాండమ్ మాడ్యూల్ (పైథాన్‌తో వచ్చే రెడీమేడ్ కోడ్) నేర్చుకుందామని ప్రోగ్రామ్ రాస్తే అందులో రాండింట్ (ఏదో ఒక పూర్ణసంఖ్య ఇచ్చే ఫంక్షన్) లేనే లేదంటోంది, పైథాన్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా అంతే.

జవాబు: మీ ఫైల్ పేరు కూడా రాండమ్ అనే పెట్టారా? అలాగైతే పైథాన్ ముందు మీ ఫోల్డర్లోనే వెతికి, మీ ఫైల్నే మాడ్యూల్ అనుకుని తెచ్చుకుంటుంది. పేరు మార్చి మళ్ళీ రన్ చేయండి.