ప్లానోఫిక్స్ కొడితే మామిడి డీఎన్ఏ మారిపోతుందా?

మీరడిగినవి రెండు. బొబ్బిలి దగ్గర సువర్ణరేఖ తోటలో పిందె నిలవడానికి ప్లానోఫిక్స్ కొట్టారు. హార్మోన్లు డీఎన్ఏ మీద పనిచేస్తాయని విని, కాయలు జన్యుమార్పిడి కాయలైపోతాయా అని ఒక అనుమానం. పురుగుమందు లెక్కలో లీటరుకి రెండున్నర మి.లీ. కలిపితే పిందె ఇంకా ఎక్కువ రాలిందేమిటన్నది రెండోది. మొదటిది తెలిస్తే రెండోదీ తెలుస్తుంది.

డీఎన్ఏ అక్షరాలు మారవు. అసలు ఆ మందు డీఎన్ఏని తాకనే తాకదు. ప్లానోఫిక్స్‌లో ఉన్నది ఎన్ఏఏ (నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్), మొక్క పెరుగుదలని నడిపే ఆక్సిన్ జాతి హార్మోన్. కణంలో డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ, కండెకి దారం చుట్టినట్టు ఉంటుంది. ఒక్కో కండెకి 147 అక్షరాల జతలు. చుట్ట బిగిసిన చోట జన్యువు పనిచేయదు. ఆక్సిన్ మాట వినే జన్యువుల దగ్గర ఏఆర్ఎఫ్ అనే ప్రోటీన్ డీఎన్ఏని పట్టుకుని సిద్ధంగానే ఉంటుంది గానీ, దాని మీద ఆక్స్-ఐఏఏ అనే ఇంకో ప్రోటీన్ ఎక్కి కూర్చుంటుంది. ఊరికే కూర్చోదు. టాప్‌లెస్ అనే తోడుని పిలుస్తుంది. అది హిస్టోన్ల మీద ఉండి చుట్టని వదులుగా ఉంచే ఎసిటైల్ ముక్కల్ని ఊడబెరికే ఎంజైముల్ని తెస్తుంది, చుట్ట బిగుస్తుంది.

ఆక్సిన్ వచ్చి టీఐఆర్1 అనే గ్రాహకంలోని గుంటలో దూరుతుంది (ఇదే ఆక్సిన్ గ్రాహకమని 2005లో తేలింది). అక్కడ జిగురులా మారి ఆక్స్-ఐఏఏని దానికి అంటిస్తుంది. అంటుకున్నదానికి యుబిక్విటిన్ అనే ‘పారెయ్యి’ ముద్ర పడుతుంది, ప్రోటియాజోమ్ అనే కణంలోని చెత్తమర దాన్ని ముక్కలు చేసేస్తుంది. అంతా నిమిషాల పని. అడ్డు పోయాక ఏఆర్ఎఫ్ చుట్ట వదులుచేసే ప్రోటీన్లని రప్పిస్తుంది, జన్యువు లేస్తుంది. అలా లేచేవాటిలో కొత్త ఆక్స్-ఐఏఏని తయారుచేసే జన్యువులూ ఉంటాయి, అందుకే ఆక్సిన్ తగ్గగానే తాళం మళ్లీ పడుతుంది. ఇదంతా ఎక్కువగా అరబిడాప్సిస్ అనే ఆవజాతి మొక్కలో తేలింది. మామిడిలోనూ ఇవే కుటుంబాల ప్రోటీన్లున్నాయి.

ఒక్క మినహాయింపు చెప్పాలి. టిష్యూ కల్చర్ సీసాల్లో, హార్మోన్ల మధ్య నెలల తరబడి పెరిగిన ఆయిల్‌పామ్ మొక్కల్లో కొన్నిటికి వికారమైన, నూనె తక్కువ కాయలు కాస్తాయి. ఒక జన్యువులో దూరి ఉన్న కర్మ అనే డీఎన్ఏ ముక్క మీద, దాన్ని మూసి ఉంచే మిథైల్ అనే రసాయన గుర్తులు చెరిగిపోవడమే కారణమని 2015లో తేలింది. అక్కడా అక్షరాలు మారలేదు. తోటలో ఒకటి రెండుసార్లు కొట్టే పిచికారీకి దీనితో పోలిక లేదు.

ఇక రాలడం సంగతి. పిందెలోంచి తొడిమ గుండా ఆక్సిన్ దిగుతున్నంతకాలం తొడిమ దగ్గరి కణాలు ఇథిలీన్‌ని (కాయని పండించే, రాల్చే వాయు హార్మోన్) లెక్కచేయవు. ఆక్సిన్ తగ్గితే ఇథిలీన్‌ది పైచేయి. కణాల గోడల్ని కరిగించే ఎంజైముల జన్యువులు లేస్తాయి, పిందె ఊడుతుంది. ఎన్ఏఏ ఆ లోటు పూడుస్తుంది. కానీ మోతాదు మించితే ఆక్సినే ఏసీసీ సింథేజ్ (ఇథిలీన్ తయారీకి కావలసిన ఎంజైము) జన్యువుని లేపుతుంది, దాంతో చెట్టు ఇథిలీన్‌ని ఇంకా తయారుచేస్తుంది. మీ తోటలో జరిగింది ఇదే అయ్యుండాలి: 4.5 శాతం మందు మి.లీ.కి 45 మి.గ్రా., లీటరుకి రెండున్నర అంటే 112 పీపీఎం (లీటరు నీళ్లలో 112 మి.గ్రా.) పైనే. ఆపిల్ తోటల్లో ఎక్కువైన పిందెల్ని రాల్చడానికి వాడేదీ ఈ ఎన్ఏఏనే.

పిందె నిలపడానికి 10 పీపీఎం కావాలంటే నాలుగున్నర లీటర్లకి 1 మి.లీ., అంటే 16 లీటర్ల టాంకుకి మూడున్నర మి.లీ. 20 పీపీఎంకి ఏడు. సీసా మూతతో కొలవొద్దు, సిరంజితో తీయండి. పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు ఒకసారి, గోలీకాయంత అయ్యాక ఇంకోసారి. పూత నిండుగా విచ్చి ఉన్నప్పుడు వద్దు, మిట్టమధ్యాహ్నం అసలు వద్దు. నేల ఎండి బీటలిస్తున్నా, తేనెమంచు పురుగు పూతని పీలుస్తున్నా ఏ హార్మోనూ పిందెని నిలపలేదు. ముందు తడి ఇవ్వండి.

మాటల్లో, పూత కోసం మట్టిలో పోసే కల్టార్ కూడా హార్మోనేగా అన్నారు. కాదు. అది చిగురుని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోన్ తయారీని ఆపుతుంది. జిబ్బరెల్లిన్ లేకపోతే డెల్లా ప్రోటీన్లు నశించక పోగుపడతాయి. పెరుగుదల జన్యువుల్ని లేపే ప్రోటీన్లని అవి డీఎన్ఏ దగ్గరికి పోనివ్వవు. చిగురు ఆగి పూతకి దారి దొరుకుతుంది. ఇది మట్టిలో చాలాకాలం ఉంటుంది. ఏటా నిండు మోతాదు పోస్తూపోతే రెమ్మలు గిడసబారి, పూత గుత్తిలా ముద్దకడుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. వరిలో వెడల్పాకు కలుపుకి కొట్టే 2,4-డి కూడా ఇదే టీఐఆర్1 గుంటలో దూరే ఆక్సినే, కాకపోతే మొక్క దాన్ని తొందరగా విరగ్గొట్టలేదు. ఆ టాంకుని ఎంత కడిగినా అడుగున మిగిలింది చాలు, మామిడి చిగురు మెలికలు తిరగడానికి. కలుపుమందుకి వేరే టాంకు పెట్టుకోండి.