రీకాల్ రిపేరు తర్వాత ఆయిల్ తాగే బండి: ముందు జాలీ విప్పించండి

రీకాల్‌లో (లోపం ఉందని కంపెనీయే బళ్లను వెనక్కి పిలిచి చేసే రిపేరు) ఆయిల్ పంపు మార్చాక 3,000 కిలోమీటర్లకే బండి ఆయిల్ తాగుతోందని, హెడ్‌లో (సిలిండరు పై భాగంలో) టకటక శబ్దమని, సర్వీసు వాళ్లు 'మామూలే' అంటున్నారని రాశారు. మామూలు కాదండీ. అలాగని బోరు కిట్ (సిలిండరు, పిస్టన్, రింగుల సెట్) కొనేయకండి. కారణం తేలకపోతే కొత్త రింగులూ అరిగిపోతాయి.

కవరు విప్పి బిగించిన ఇంజిన్‌లో నా మొదటి అనుమానం గ్యాస్కెట్ పేస్టు (అతుకుల్లో ఆయిల్ కారకుండా పూసేది) మీదే. ఎక్కువ పూస్తే లోపలికి పిండుకొచ్చి, ముక్కలుగా ఊడి, పంపులోకి వెళ్లే ఆయిల్‌ని వడగట్టే జాలీకి అడ్డుపడుతుంది. పైన హెడ్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌కి ఆయిల్ అందదు, శబ్దం అక్కడే మొదలవుతుంది. పాత ఆయిల్‌ని తెల్లగుడ్డలో వడగట్టండి. గుడ్డలో మిగిలిన పొడి అయస్కాంతానికి అంటితే ఇనుము. అంటని వెండి మెరుపు అల్యూమినియం, పిస్టన్‌దో హెడ్‌దో.

టెక్కలి క్వారీల వైపు రోజూ తిరుగుతానన్నారు కదా, ఎయిర్ ఫిల్టర్ దాటాక ఉండే గొట్టం లోపల వేలితో తుడిచి చూడండి. దుమ్ము అంటిందంటే రబ్బరు సరిగా కూర్చోలేదు, రాతిపొడి నేరుగా బోరులోకి పోతోంది.

కంప్రెషన్ (సిలిండరులో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) గేజితో, వేడి ఇంజిన్ మీద, థ్రాటిల్ (యాక్సిలరేటరు) పూర్తిగా తెరిచి చూడాలి. తక్కువొస్తే ప్లగ్ రంధ్రంలో 5 మి.లీ. ఆయిల్ పోసి మళ్లీ చూడండి. బాగా పెరిగితే లోపం రింగులు, బోరుది; పెరగకపోతే వాల్వులను అనుమానించాలి.

వారంటీ ఉంటే బయట మెకానిక్‌తో ఇంజిన్ విప్పించకండి. జాలీ సర్వీసులోనే మీ ఎదుట విప్పించి, ఫొటోలు తీసి, జాబ్ కార్డులో రాయించండి. కాదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆపైన శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, ఫిర్యాదు చేయడానికి గడువు 2 ఏళ్లు.